వియ్యంకుడి చేతి ముద్ద

అత్‌బాషీ కొండ మేత,
జూన్ 5, 2014

తమ్ముడు ఇషేన్‌కి,

అక్క బూరుల్ రాస్తున్నది. ముందు క్షేమం అడగాలి కాబట్టి అడుగుతున్నాను. నువ్వూ మరదలు జిపారూ బాగున్నారా? ఇక్కడ నేనూ, నీ మేనకోడలూ, మందా అంతా బాగున్నాం. ఈ ఏడు గడ్డి ఆలస్యంగా లేచింది. ఎర్ర గుర్రం ఈనింది. పిల్లకి మూడు కాళ్ళు నలుపు, ఒకటి తెలుపు. ఈ కొండ మీద ఫోను పలకదు కాబట్టి వ్యాన్ తోక్తోష్ చేతికి ఉత్తరం ఇస్తున్నాను. విప్పి చదవొద్దురా అని చెప్పాను. చదువుతాడు.

ఇక అసలు సంగతి. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది.

పోయిన నెల కొచ్కోర్ వాళ్ళు బేగాయిమ్ సంబంధం ఖాయం చేసుకోవడానికి వచ్చినప్పుడు నిన్ను అందరికంటే పై చోట కూర్చోబెట్టాను. మీ బావ పోయాక ఆ పిల్లకి తండ్రివైనా మేనమామవైనా నువ్వే. ఉడికిన గొర్రె కార్జం, తోక కొవ్వు పళ్ళెంలో వచ్చాయి. వియ్యంకుడు జుమకాదిర్ తన చేత్తో నీ నోట్లో ముద్ద పెట్టాడు. అది మింగితే రెండిళ్ళూ ఒకటైనట్టు, మింగకపోతే మాట కుదరనట్టు. మన దగ్గర పాలు తాగే పిల్లాడికి కూడా తెలిసిన సంగతి ఇది. నువ్వేమో జేబురుమాలు అడ్డం పెట్టుకుని దాన్ని ఉమ్మేశావట.

నేను చూడలేదు. వియ్యంకుడి తమ్ముడు చూశాడు. నిన్న కబురొచ్చింది. "మేనమామకి మనసు లేని పిల్లని మేమెట్లా తీసుకుపోతాం? మందలు కొండ దిగాక మళ్ళీ కూర్చుందాం, అప్పుడు చూద్దాం" అన్నారట. కబురు విన్నప్పటినుంచి పిల్ల పాలు పిండే పనిలోనే తల దాచుకుంటోంది. ఆ అబ్బాయి అజత్ అంటే దానికి ప్రాణం.

దాన్ని నర్సు చదువుకి పట్నం పంపమని నువ్వు పోయినేడు అన్న మాట నేను మరిచిపోలేదు. సంబంధం ఇష్టం లేకపోతే ముందే నా ముఖాన చెప్పాల్సింది. వియ్యాలవాళ్ళ ముందు నాకు తలకొట్టేసినట్టయింది.

కోపం కోపమే, కజీ కజీయే. గుర్రపు పేగులో మాంసం, కొవ్వు బాగా దట్టించి నేనే కట్టాను. పులిసిన గుర్రప్పాలు, మన కుమిస్ కూడా పంపుతున్నాను, దారిలో పొంగకుండా మూత వదులు చెయ్యమని తోక్తోష్‌కి చెప్పాను.

నువ్వేం చేసినా నీకు అక్కనే,
బూరుల్

బిష్కెక్,
జూన్ 16

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం బస్సు డిపోలో చదువుకున్నాను. తోక్తోష్ అంతకు ముందే చదివాడు, "మీ అక్క బాగా కోపంగా ఉంది అన్నా" అని చెప్పి మరీ ఇచ్చాడు.

నువ్వు అనుకున్నది నిజం కాదు. అజత్ మంచి కుర్రాడు. బేగాయిమ్ సంతోషం కంటే నాకేం కావాలి? ఆ రోజు దవడ పన్ను సలిపింది అక్కా. ముద్ద పంటి కింద పడగానే ప్రాణం పోయినంత పనైంది. అంతే సంగతి. వియ్యంకుడికి నా తరఫున అలాగే చెప్పు.

కజీ అద్భుతంగా ఉంది. జిపారూ నేనూ కూర్చుని ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నాం. కుమిస్ తాగితే నాకు చిన్నప్పటి మన గుడారం గుర్తొచ్చింది.

ఇక్కడ చెట్ల నుంచి రాలే దూది రోడ్లన్నీ కమ్మేసింది. ట్రాలీబస్సు అద్దాలు తుడవలేక చస్తున్నాం. ఎర్ర గుర్రం పిల్లకి పేరు పెట్టారా?

నీ తమ్ముడు,
ఇషేన్

కొండ మేత,
జూన్ 28

ఇషేన్,

నీ పన్ను సంగతి కొచ్కోర్‌కి కబురు పంపాను. వియ్యంకుడు "అయ్యో పాపం" అన్నాడట. పక్కనున్న వియ్యపురాలు మాత్రం, "పన్ను నొప్పి మనిషి ఆ పొద్దున మా చిన్నాడితో పందెం కాసి ఆప్రికాట్ గింజలు పటపటా కొరికాడేం?" అన్నదట. ఇప్పుడు మనం సంబంధం ఇష్టం లేనివాళ్ళమే కాదు, అబద్ధాలాడే వాళ్ళం కూడా అయ్యాం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అమ్మ ఊరికే అనేది కాదు.

ఇంకొకటి. కజీ ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నారని రాశావు. తోక్తోష్ మీ ఇంటి మెట్ల మీద పై వాటా గాల్యా ముసలమ్మని కలిశాడట. "మీ ఊరి కజీ చాలా బాగుంది బాబూ, కట్ట మొత్తం మాకే ఇచ్చేశారు, ఆ పుణ్యాత్మురాలికి చెప్పు" అన్నదట. చెప్పాడు. ఆ పుణ్యాత్మురాలు అప్పటినుంచి నిద్రపోవడం లేదు.

నా చేతి తిండి ఎప్పటినుంచి చేదైందిరా నీకు? జిపార్ నేర్పిందా ఈ బుద్ధులన్నీ? పట్నం పిల్ల, దానికి కొవ్వంటే అసహ్యం, కాబేజీ ఆకులు కోసి ముందు పెడుతుందని నాకు తెలుసు. అమ్మ వర్ధంతి భోజనాల్లో కూడా నీ వాటా ఎముక పళ్ళెంలోనే వదిలేసి బయటికి పోయావు. తాగొచ్చి కక్కుకున్నాడని నలుగురూ అన్నారు. నేను వాళ్ళతో పోట్లాడాను. ఇప్పుడు ఆలోచిస్తే ఎవరి తరఫున పోట్లాడానో తెలియడం లేదు.

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఈ సంబంధం చెడగొట్టాలనా నీ ఉద్దేశం?

బూరుల్

బిష్కెక్,
జులై 6

అక్కా,

నీ పేరు పైన ఈసారి అక్క అన్న మాట కూడా రాయలేదు నువ్వు. అందుకే ఇక నీళ్ళు నమలకుండా చెబుతున్నాను.

పన్ను బాగానే ఉంది. కడుపు బాగాలేదు.

రెండేళ్ళయింది అక్కా. మూడు చెంచాలు తింటే చాలు, పెళ్ళి భోజనం చేసినట్టు నిండిపోతుంది. తర్వాత పొట్ట డోలులా బిగుస్తుంది. ఒక్కోసారి వాంతి అవుతుంది. చెప్పడానికే సిగ్గుగా ఉంది కానీ, ఆ వాంతిలో నిన్న తిన్నది ఇవాళ అలాగే వస్తుంది. కొవ్వు తింటే మరీ అన్యాయం. అమ్మ వర్ధంతి రోజు నేను తాగలేదు, నీ మీద ఒట్టు. వియ్యంకుడు ముద్ద పెట్టిన రోజు అది గొంతు దిగితే అందరి ముందూ పైకి తంతుందని తెలుసు. ఆ పళ్ళెం మీద కక్కుకోవడం కంటే రుమాల్లో ఉమ్మడం నయం అనిపించింది.

జిపార్‌ని అనకు. తను నా కోసం అన్నం గంజిలా ఉడికించి, తనూ అదే తింటుంది. కజీ గాల్యాకి ఇమ్మన్నది నేనే. ఇంట్లో ఆ వాసన ఉంటే తినకుండా ఉండలేనని భయం. నీ చేతి కజీ నాకెప్పుడూ చేదు కాలేదు.

నీకెందుకు చెప్పలేదంటే, నాకు పన్నెండేళ్ళుగా చక్కెర జబ్బు ఉంది కదా, దానికి ఇదొకటి తోడైందని కొచ్కోర్‌లో తెలిస్తే "ఆ పిల్ల రక్తంలోనూ ఇదే ఉంటుందేమో" అంటారు. మేనమామ మీసాల కంటే మేనమామ రోగాలే ముందు చూస్తారు పెళ్ళివాళ్ళు. దయచేసి ఎవరికీ చెప్పకు. కడుపులో పుండు అని ఇన్నాళ్ళూ మాత్రలు మింగాను, తగ్గలేదు. వచ్చే వారం పెద్ద డాక్టరమ్మ దగ్గరికి జిపార్ తీసుకెళుతోంది.

ఎప్పటికీ నీ చిన్న తమ్ముడు,
ఇషేన్

కొండ మేత,
జులై 15

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి గుడారం వెనక్కి పోయి ఏడ్చాను. తోక్తోష్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు, చదవలేదని అంటూనే. జిపార్‌ని నేనన్న మాటలకి దాని చేతులు పట్టుకున్నానని చెప్పు.

రెండేళ్ళు ఒక్కడివే మోశావా? చెప్పి ఉంటే రెండు వారాల్లో బాగు చేసేదాన్ని కదా. ఇది ఏమీ కాదురా. కడుపులో చలి చేరింది. చలి చేరితే కడుపు గడ్డకడుతుంది, లోపలికి పోయింది కరగదు. మన మామయ్యకి యాభయ్యో ఏట ఇదే వచ్చింది. తోక కొవ్వు కరిగించి, మిరియాలు వేసి, వేడి వేడి టీలో కలిపి తాగించారు, గుర్రమెక్కి తిరిగాడు.

అందుకని ఒక పెద్ద సీసా నిండా కరిగించి పంపుతున్నాను. మన మందలో మంచి గొర్రెది. రోజూ పొద్దున ఒక గిన్నె తాగి, దుప్పటి కప్పుకుని పడుకో. వాసన పడకపోతే ముక్కు మూసుకో. నామీద ప్రేమ ఉంటే ఈసారి గాల్యాకి ఇవ్వకు.

ఎవరికీ చెప్పను. బేగాయిమ్‌కి కూడా చెప్పలేదు. నీ కడుపు వెచ్చబడితే శరత్కాలంలో వియ్యంకుడి చేతి ముద్ద హాయిగా మింగుతావు, అన్నీ సర్దుకుంటాయి.

నిన్ను కడుపులో పెట్టుకున్న అక్క,
బూరుల్

బిష్కెక్, ఆసుపత్రి నుంచి,
ఆగస్టు 2

అక్కా,

పైన ఆసుపత్రి అని చూసి కంగారు పడకు. రేపో మాపో పంపిస్తారు. కూర్చుని రాస్తున్నాను, రాత కూడా వంకర పోలేదు చూడు.

నువ్వు పంపింది తాగాను. నాలుగు పొద్దులు. నీ మీద ప్రేమ ఉంటే అని రాశావు, ఇక తాగక ఏం చేస్తాను? ఆ నాలుగో పొద్దున చక్కెర సూది వేసుకుని, అన్నం తిని డిపోకి వెళ్ళాను. బస్సు ఇంకా బయల్దేరలేదు, అది అదృష్టం. ఒళ్ళంతా చెమట పట్టి, స్టీరింగ్ మీదికి ఒరిగిపోయానట. కండక్టరమ్మ చూసి నోట్లో చక్కెర నీళ్ళు పోసింది. ఆ తర్వాత వాంతులు పట్టుకున్నాయి.

పెద్ద డాక్టరమ్మ దగ్గర వేళ దొరక్క ఆగాం కదా, చివరికి ఆవిడ దగ్గరికే తెచ్చారు; నాజిరా అని, మాటకి మాట అంటించే మనిషి. రాత్రంతా ఏమీ తినకుండా ఉంచి, కడుపులోకి గొట్టం వేసి చూసింది. అంతకు ముందు రోజు తిన్న అన్నం, క్యారెట్ ముక్కలు అలాగే కూర్చుని ఉన్నాయట. "పుండు లేదు, గడ్డ లేదు, దారి మూసుకోలేదు. అయినా సరుకు కదల్లేదు" అంది. తర్వాత ఒక రోజు ఏదో మందు కలిపిన గుడ్డు తినిపించి, సాయంత్రం దాకా మధ్యమధ్య యంత్రం కింద పడుకోబెట్టి ఫోటోలు తీశారు. మామూలు మనిషికి ఖాళీ అయిపోయే వేళకి నాకు సగం పైన అక్కడే ఉంది.

నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. "నువ్వు ఏం పని చేస్తావు?" అంది. ట్రాలీబస్సు అన్నాను. "బస్సు పైన కొమ్ము కరెంటు తీగ మీంచి జారిపోతే ఏమవుతుంది?" అంది. బస్సు బాగానే ఉంటుంది, జనం ఎక్కి కూర్చునే ఉంటారు, కదలదు అన్నాను. "అదే నీ కడుపు. తిన్నదాన్ని నలిపి కిందికి తొయ్యమని దానికి చెప్పే నరం ఒకటుంది. ఏళ్ళ తరబడి చక్కెర ఆ నరాన్ని తినేసింది" అంది.

చలి కాదు అక్కా. కొవ్వు అసలే నెమ్మదిగా కదులుతుందట. బాగున్న కడుపుని కూడా ఆపుతుందట. ఇక నాది ముందే ఆగిన బస్సు. సూదేమో దాని వేళకి అది పని చేసింది, అన్నం మాత్రం రక్తంలోకి చేరలేదు. అందుకే పడిపోయాను.

నీకు ముందే తెలియదు, నాకూ తెలియదు. నువ్వు బాధ పడితే నేను ఊరుకోను.

పూర్తిగా పోయే జబ్బు కాదంది. అదుపులో పెట్టుకోవాలి. గుప్పెడు గుప్పెడు చొప్పున రోజుకి ఐదారుసార్లు తినాలి. మెత్తగా, పీచు లేకుండా, కొవ్వు లేకుండా. పలచని చారు పర్వాలేదు. తిన్నాక పడుకోకూడదు, నడవాలి. తిండికి ముందు ఒక మాత్ర. సూది ఎప్పుడు వేసుకోవాలో కొత్తగా చెప్పింది. కాబేజీ కూడా వద్దంది, కాబట్టి జిపార్‌ని నువ్వు తిట్టింది పూర్తిగా వృథా పోలేదు.

శరత్కాలం గురించి దిగులు పడకు. వస్తాను. ముద్ద మింగుతాను. తర్వాత పక్కకి పోయి నా పాట్లు నేను పడతాను.

ఇషేన్

కొండ మేత,
ఆగస్టు 21

తమ్ముడికి,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నా చేత్తో నేనే పంపాను ఆ సీసా. మంచి గొర్రెదని ఏరి మరీ పంపాను. బాధ పడొద్దంటే ఎలా పడకుండా ఉంటాను? బేగాయిమ్‌కి చెప్పేశాను, నా వల్ల కాలేదు. అది నీ ఉత్తరం తీసుకుని రెండుసార్లు చదివి, "అమ్మా, నువ్వు మామని ప్రేమతో చంపేదానివి" అంది. కన్న కూతురు కదా, మెత్తగా చెప్పడం రాదు.

కొచ్కోర్ వాళ్ళు సెప్టెంబరులో వస్తున్నారు. బేగాయిమ్ అంటుంది, "వాళ్ళకి నిజం చెప్పేద్దాం, పోతే పోయింది" అని. అంటున్నప్పుడు దాని గొంతు వినాలి నువ్వు. అజత్ నీళ్ళ దగ్గరికి గుర్రమేసుకొచ్చి దీన్ని చూసి పోతున్నాడని నాకు తెలుసు, తెలియనట్టు ఉంటున్నాను.

నీకు ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నువ్వు వస్తాను, మింగుతాను అని రాసినప్పుడు నేను ముందు "వద్దు" అనుకోలేదు. "ఒక్క ముక్కే కదా" అనుకున్నాను. ఆ మాట నా లోపల ఇంకా ఉంది. చిన్న ముక్క కొయ్యమని వంట దగ్గరివాళ్ళకి చెప్పొచ్చా, కార్జం మాత్రమే పైకి కనపడేలా పెట్టొచ్చా, ఇవే లెక్కలు. ఇటు పిల్ల, అటు నువ్వు. నాకు నా మీదే అసహ్యంగా ఉంది.

నువ్వు రావొద్దు. కాళ్ళు విరిగాయని చెబుతాను. కానీ మేనమామ లేకుండా వాళ్ళు కూర్చుంటారా? ఏమో.

బియ్యం మెత్తగా ఉడికించడం ఎంతసేపో జిపార్‌ని అడిగి రాయి.

అక్క

బిష్కెక్,
సెప్టెంబరు 3

అక్కా,

పన్ను అయింది, ఇక కాళ్ళు కూడానా? వాళ్ళు వచ్చేసరికి నా ఒంట్లో అబద్ధం చెప్పని చోటు మిగలదు.

నేను వస్తున్నాను. ఒక్క ముక్కే కదా అని నువ్వు అనుకున్నావు. నేనూ అదే అనుకుంటున్నాను. మనిద్దరం ఒకే తల్లి పిల్లలం. డాక్టరమ్మకి చెప్పలేదు. జిపార్‌కి చెప్పాను, తను మాత్రల డబ్బా సంచిలో పెట్టింది.

బేగాయిమ్ పెళ్ళికి నేనే అడ్డమయ్యానంటే ఆ బాధ మాత్రం నాకు అరగదు.

బియ్యం సంగతి: నీళ్ళు ఎక్కువ పోసి, గింజ కనపడకుండా పోయేదాకా ఉడకనివ్వాలట.

ఇషేన్

అత్‌బాషీ, ఇంటి నుంచి,
సెప్టెంబరు 30

తమ్ముడూ,

కొండ దిగాం. ఇక్కడ ఫోను పలుకుతుంది. అయినా ఇది ఫోనులో చెప్పలేను. ఆ రోజు ఇల్లంతా జనం, తెల్లారగానే మీరిద్దరూ తోక్తోష్ వ్యాన్ ఎక్కేశారు. మనం మాట్లాడుకోనే లేదు.

నువ్వు ముందు కళ్ళు మూసుకున్నావు, తర్వాత తల వంచుకున్నావు, మహా అయితే నీకు నా చెయ్యి ఒక్కటే కనపడి ఉంటుంది. మిగతాది నేను చెబుతాను.

పళ్ళెం వచ్చేదాకా నేను గట్టిగానే ఉన్నాను. ఒక్క ముక్కే, ఒక్క ముక్కే అని జపం చేసుకుంటున్నాను. జుమకాదిర్ కార్జం మీద తోక కొవ్వు వేసి ముద్ద ఎత్తాడు. ఇల్లంతా నీ నోటి వైపే చూస్తోంది. నువ్వు నోరు తెరిచావు. చిన్నప్పుడు చేదు మందుకి తెరిచినట్టు, కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచావు. ఇక నాకు ఏ లెక్కా గుర్తు లేదు. ఆడవాళ్ళ వరసలోంచి ఎలా లేచానో, పెద్దమనిషి చేతిలోంచి ఎలా తీసుకున్నానో తెలియదు. ముద్ద నా నోట్లో ఉంది. మింగేశాను.

నేను ఏమన్నానో నీకు వినపడిందా? "ఇది మా తమ్ముడికి విషం. వాడి కడుపు తిన్నదాన్ని కదిలించలేదు. పోయినసారి ఉమ్మింది మీ మీద మనసు లేక కాదు, ఒంట్లో సత్తువ లేక. ఇవాళ మింగి పక్కకి పోయి చద్దామని వచ్చాడు. వాడి ముద్ద నేను తిన్నాను. మా ఇంటి రోగం మీకు వద్దనుకుంటే ఇప్పుడే లేవండి, నేను తప్పు పట్టను." ఇంత పొడుగు మాట నా జీవితంలో మగవాళ్ళ ముందు మాట్లాడలేదు.

వియ్యంకుడి తమ్ముడు లేవబోయాడు. వియ్యపురాలు వాడి కోటు పట్టుకుని కూర్చోబెట్టింది. నువ్వు అది చూడలేదు. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. తర్వాత నాతో అంది, "మా అన్న ఇట్లాగే మూడేళ్ళు చిక్కిపోయి పోయాడు వదినా. ఏం జబ్బో ఎవరూ చెప్పలేదు. తినవేంరా అని అందరం తిట్టాం."

జుమకాదిర్ ఖాళీ చెయ్యి తుడుచుకుని పళ్ళెం నీ ముందుకి జరిపాడు. ఆ తర్వాత సంగతి నీకు తెలుసు. "తినలేకపోతే పెట్టలేడా?" అని నీ వైపు నోరు తెరిచాడు. నువ్వు పెట్టిన ముద్ద సగం జారి ఆయన గడ్డం మీద పడింది, అందరూ నవ్వారు. నవ్వాక ఇక సంబంధం ఎక్కడికి పోతుంది?

పెళ్ళి అక్టోబరు చివర్లో. బేగాయిమ్ నీ కోసం విడిగా చిన్న కుండ కొన్నది.

నీ అక్క,
బూరుల్

బిష్కెక్,
అక్టోబరు 9

అక్కా,

నీ ఉత్తరం జిపార్‌కి పైకి చదివి వినిపించాను. సగంలో ఆగిపోతే తనే చదివింది. మళ్ళీ బస్సు ఎక్కుతున్నాను, పొద్దుటి ట్రిప్పు ఒక్కటే. అది అయ్యాక గుప్పెడు తిని డిపో చుట్టూ నడుస్తాను. మొన్న మళ్ళీ ఒకసారి వాంతి అయింది. మంచి రోజులూ ఉన్నాయి, చెడ్డ రోజులూ ఉన్నాయి. డాక్టరమ్మకి ఆ రోజు సంగతి చెబితే ముందు నన్ను తిట్టి, తర్వాత "మీ అక్క పేరేంటి?" అని అడిగింది.

అమ్మ, నువ్వు, జిపార్, బంధువులు, వియ్యాలవాళ్ళు. పుట్టినప్పటినుంచి నా చుట్టూ ఉన్నవాళ్ళంతా తిను, ఇంకాస్త తిను అన్నవాళ్ళే. మన వైపు ప్రేమంటే అదే. ఒకరి నోటి దగ్గరి ముద్ద లాక్కున్నవాళ్ళని మాత్రం ఏడు తరాలు తిట్టుకుంటారు.

నా నోటి దగ్గరి ముద్ద నువ్వు లాక్కున్నావు అక్కా. లాక్కోకపోతే నేను మింగేసేవాణ్ణి.

ఇషేన్